మూడు కన్‌స్ట్రక్టర్లు రాశాను, వాటిలో ఏది పిలవాలో ఎవరు తేలుస్తారో చెప్పలేకపోయాను

భవ్య_రెండో_ఏడాది | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను బీటెక్ రెండో సంవత్సరం, సీఎస్‌ఈ. ఈరోజు జావా ల్యాబ్ ఎక్స్‌టర్నల్ అయింది. నాకు కన్‌స్ట్రక్టర్ ఓవర్‌లోడింగ్ ప్రోగ్రామ్ వచ్చింది. కన్‌స్ట్రక్టర్ అంటే క్లాస్ నుంచి ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్, వేర్వేరు విలువలు తీసుకునేవి ఒకటికి మించి రాయడమే ఓవర్‌లోడింగ్. సంతోషంగా మొదలుపెట్టాను, ఎందుకంటే అది నాకు బాగా వచ్చనుకున్నాను. విద్యార్థి అనే క్లాస్ రాసి అందులో మూడు కన్‌స్ట్రక్టర్లు పెట్టాను. కోడ్‌ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను (స్ట్రింగ్ అంటే అక్షరాల వరస, లాంగ్ అంటే పెద్ద పూర్ణసంఖ్య):

విద్యార్థి(స్ట్రింగ్ పేరు)
విద్యార్థి(స్ట్రింగ్ పేరు, స్ట్రింగ్ ఈమెయిల్)
విద్యార్థి(స్ట్రింగ్ పేరు, లాంగ్ ఫోన్)

అవుట్‌పుట్ వచ్చింది. తర్వాత వైవాలో మేడమ్ మూడు ప్రశ్నలు అడిగారు. ఒకటి, ఈ మూడింటిలో ఏది పిలవాలో ఎవరు తేలుస్తారు, ఎప్పుడు తేలుస్తారు? ఆబ్జెక్ట్ తయారయ్యేది రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కాబట్టి రన్‌టైమ్‌లోనే అన్నాను. తప్పన్నారు. రెండు, బ్రాకెట్లలో ఏమీ ఇవ్వకుండా ఆబ్జెక్ట్ చేయమన్నారు. చేస్తే ఎర్రర్ వచ్చింది. డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ జావానే ఇస్తుందని చదువుకున్నాం కదా, మరి ఏమైంది? మూడోది, ఫోన్ నంబర్‌ని లాంగ్‌గా ఎందుకు పెట్టావన్నారు. నిజం చెప్పాలంటే మొదట స్ట్రింగ్‌గానే పెట్టాను. అప్పుడు ఇలాంటి కన్‌స్ట్రక్టర్ ఇప్పటికే ఉందని ఎర్రర్ వచ్చింది. లాంగ్‌గా మారిస్తే పోయింది. అదే చెప్పాను. మేడమ్ ఏమీ అనకుండా రికార్డులో సంతకం పెట్టారు.

డెఫినిషన్ నాకు వచ్చు. కానీ అది వస్తే విషయం వచ్చినట్టు కాదని ఈరోజు తెలిసింది. ఎవరైనా కాస్త ఓపిగ్గా చెప్తారా?

పాత_జావా | సోమవారం రాత్రి 9:47

భవ్యా, మీ మేడమ్ మంచి ప్రశ్నలు అడిగారు. వరసగా చెప్తాను.

ఏ కన్‌స్ట్రక్టర్ పిలవాలో తేల్చేది కంపైలర్, అంటే మన కోడ్‌ని నడిపేముందు అనువదించే ప్రోగ్రామ్. మీరు ఇచ్చిన విలువల సంఖ్య, వాటి టైపు, వాటి వరస చూస్తుంది. ఒకదాన్ని ఎంచుకుని దాని గుర్తును క్లాస్ ఫైల్‌లోనే రాసేస్తుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు జేవీఎం (ఆ క్లాస్ ఫైల్‌ని నడిపేది) దాన్ని పాటిస్తుందే తప్ప మళ్ళీ ఎంచుకోదు. ఆబ్జెక్ట్ పుట్టేది రన్‌టైమ్‌లోనే, మీరు చెప్పింది అంతవరకూ నిజం. కానీ ఏ దారిలో పుట్టాలన్నది అంతకుముందే తేలిపోయింది.

దీన్ని మీరే పరీక్షించి చూడండి. ఒక క్లాస్‌లో ఆబ్జెక్ట్ టైపు తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒకటి, స్ట్రింగ్ తీసుకునేది ఒకటి పెట్టండి. ఒక వేరియబుల్‌ని ఆబ్జెక్ట్ టైపుతో ప్రకటించి, దానిలో స్ట్రింగ్ ఉంచి పంపండి. లోపల ఉన్నది స్ట్రింగే అయినా ఆబ్జెక్ట్ కన్‌స్ట్రక్టరే నడుస్తుంది. కంపైలర్‌కి కనిపించేది వేరియబుల్ మీద రాసిన టైపు మాత్రమే. ఓవర్‌రైడింగ్‌లో (పై క్లాస్ మెథడ్‌ని కింది క్లాస్‌లో మళ్ళీ రాయడంలో) దీనికి తలకిందులుగా జరుగుతుంది, అందుకే చాలామంది ఈ రెంటినీ కలిపేసుకుంటారు.

రెండోది. మీరు ఒక్క కన్‌స్ట్రక్టర్ కూడా రాయకపోతేనే కంపైలర్ ఖాళీది ఒకటి ఇస్తుంది. ఒక్కటి రాసినా ఇక ఇవ్వదు, కావాలంటే మీరే రాసుకోవాలి. రేపు ప్రాజెక్ట్‌లో హైబర్నేట్ (ఆబ్జెక్ట్‌లని డేటాబేస్‌లో దాచే లైబ్రరీ) వాడినప్పుడు ఇది మళ్ళీ ఎదురవుతుంది. అది పాటించే జేపీఏ ప్రమాణంలో ఎంటిటీకి, అంటే డేటాబేస్‌లో దాచే క్లాస్‌కి, విలువలేమీ తీసుకోని కన్‌స్ట్రక్టర్ తప్పనిసరి. అది పబ్లిక్ అయినా ప్రొటెక్టెడ్ అయినా ఫర్వాలేదు. మా టీమ్‌లో చేరే కొత్తవాళ్ళు మొదటి వారంలో పడే ఎర్రర్లలో ఇదొకటి.

మూడోది. రెండు కన్‌స్ట్రక్టర్లు వేరని చెప్పడానికి పారామీటర్ల పేర్లు లెక్కలోకి రావు. ఈమెయిల్ అని పేరు పెట్టినా ఫోన్ అని పెట్టినా కంపైలర్‌కి అవి స్ట్రింగ్, స్ట్రింగ్. అందుకే రెండోసారి రాయనివ్వలేదు. లాంగ్‌గా మార్చడం గురించి మాత్రం నాకు చెప్పాల్సింది ఉంది, కానీ ముందు మిగతావాళ్ళు ఏమంటారో చూద్దాం.

ఇంకొక జాగ్రత్త. కన్‌స్ట్రక్టర్ ముందు పొరపాటున వాయిడ్ అని రాస్తే ఎర్రర్ రాదు. అది క్లాస్ పేరే పెట్టుకున్న మామూలు మెథడ్ అయిపోతుంది. వేరే కన్‌స్ట్రక్టర్ ఏదీ రాయకపోతే కంపైలర్ ఇచ్చిన ఖాళీదే నడుస్తుంది. అప్పుడు ఫీల్డ్‌లన్నీ నల్ (ఏమీ లేదు అనే విలువ), సున్నాలతో కనిపిస్తాయి.

ఓరుగల్లు_రవి | సోమవారం రాత్రి 10:20

పాత జావా గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిపోర్ట్ కోడ్ రాస్తున్నాను. ప్రతి లైన్ ఒక అక్షరంతో మొదలవ్వాలి. స్ట్రింగ్‌బిల్డర్ (ముక్కలు జోడిస్తూ స్ట్రింగ్ కట్టే క్లాస్) చేసేటప్పుడే బ్రాకెట్లలో ఆ అక్షరం 'ఏ'ని క్యారెక్టర్‌గా ఇచ్చాను. మిగతాదంతా తర్వాత జోడించాను. లైన్లన్నీ వచ్చాయి, మొదటి అక్షరం మాత్రం లేదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. నేను వెతకని చోటు లేదు.

చివరికి మా సీనియర్ అక్క వచ్చి చూసింది. స్ట్రింగ్‌బిల్డర్‌కి క్యారెక్టర్ తీసుకునే కన్‌స్ట్రక్టరే లేదని చెప్పింది. ఇంట్ (పూర్ణసంఖ్య) తీసుకునేది ఉంది. అది లోపల ఎంత చోటు పెట్టుకోవాలో చెప్పే కన్‌స్ట్రక్టర్. క్యారెక్టర్ తనంతట తాను ఇంట్‌గా మారగలదు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' కోడ్ 65. అంటే 65 అక్షరాలకి చోటున్న ఖాళీ బిల్డర్‌ని నేను తయారుచేశాను. డబుల్ కోట్స్ పెట్టి స్ట్రింగ్‌గా ఇస్తే సరిపోయింది.

సరిగ్గా సరిపోయే కన్‌స్ట్రక్టర్ లేనప్పుడు దగ్గర్లో ఉన్నదానికి కంపైలర్ తీసుకెళ్తుందని నాకు ఆ రోజు అర్థమైంది.

భవ్య_రెండో_ఏడాది | సోమవారం రాత్రి 10:41

చాలా థాంక్స్ సార్, థాంక్స్ రవి అన్నా. వాయిడ్ పెట్టి ఇప్పుడే చూశాను, నిజంగానే నల్ వచ్చింది.

దగ్గర్లో ఉన్నదానికి అంటే ఎలా చూస్తుంది అన్నా? ఒక కన్‌స్ట్రక్టర్ లాంగ్ తీసుకుంటుంది, ఇంకోటి ఇంటీజర్ ఆబ్జెక్ట్ తీసుకుంటుంది అనుకుందాం. నేను 5 ఇస్తే దేనికి వెళ్తుంది? నేనైతే ఇంటీజర్ అంటాను, 5, ఇంటీజర్ రెండూ ఇంట్‌కి సంబంధించినవే కదా.

పాత_జావా | సోమవారం రాత్రి 11:05

లాంగ్‌కి వెళ్తుంది. కంపైలర్ మూడు విడతలుగా వెతుకుతుంది. మొదటి విడతలో మామూలుగా సరిపోయేవి చూస్తుంది. చిన్న టైపు పెద్ద టైపుగా మారడం ఇందులోనే ఉంటుంది. అక్కడ ఒక్కటి దొరికినా ఆగిపోతుంది. ఏదీ లేకపోతేనే రెండో విడతలో ఇంట్‌ని ఇంటీజర్‌గా చుట్టి చూస్తుంది. అదీ కుదరకపోతే మూడో విడతలో ఎన్ని విలువలైనా తీసుకునే వేరార్గ్స్ కన్‌స్ట్రక్టర్ల దగ్గరికి వెళ్తుంది. చుట్టే పద్ధతి జావా 5లో, 2004లో వచ్చింది. అంతకుముందు రాసిన ప్రోగ్రాముల అర్థం మారకూడదు కాబట్టి పాత నియమాలతోనే ముందు వెతికేలా పెట్టారు.

ఒకే విడతలో రెండు సరిపోతే ఎక్కువ నిర్దిష్టమైనది తీసుకుంటుంది. నల్ పంపితే ఆబ్జెక్ట్, స్ట్రింగ్ రెండూ సరిపోతాయి. స్ట్రింగ్ అనేది ఆబ్జెక్ట్‌లో ఒక రకం కాబట్టి స్ట్రింగ్ గెలుస్తుంది. అదే స్ట్రింగ్ ఒకటి, ఇంటీజర్ ఒకటి ఉంటే ఎటూ తేలదు, ఎర్రర్ ఇస్తుంది. అలాంటప్పుడు ఎర్రర్ రావడమే మనకి మేలు.

పాలకేంద్రం_కోడ్ | మంగళవారం ఉదయం 6:30

ఫోన్ నంబర్‌ని లాంగ్ చేసిన విషయం మీద నేను రాస్తాను. భవ్యా, మీరు చేసిన పనే మా ఆఫీసులో ఒకరు చేశారు. దాన్ని సరేనని ఒప్పుకున్నది నేనే, కాబట్టి వివరంగా చెప్తాను.

మేము పాల సేకరణ కేంద్రాలకి సాఫ్ట్‌వేర్ రాస్తాం. పొద్దున రైతు పాలు పోస్తే లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ నమోదవుతాయి. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న తీసేస్తే పాలలో మిగిలే ఘనపదార్థం. ఈ రెండు శాతాల మీదే లీటరు రేటు కడతారు. గేదె పాలకి ఫ్యాట్ ఆరూ ఏడూ వస్తుంది, ఆవు పాలకి మూడున్నర, నాలుగు. ఎస్‌ఎన్‌ఎఫ్ ఏ పాలకైనా ఎనిమిదిన్నర, తొమ్మిది దగ్గర ఉంటుంది.

నమూనా అనే క్లాస్‌కి మొదట ఒకటే కన్‌స్ట్రక్టర్ ఉండేది. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, మూడూ డబుల్, అంటే దశాంశ సంఖ్యలు. తర్వాత ఎస్‌ఎన్‌ఎఫ్ కొలిచే మెషిన్ లేని చిన్న కేంద్రాలు చేరాయి. అక్కడ లాక్టోమీటర్ (పాల సాంద్రత కొలిచే పరికరం) ముంచి రీడింగ్ చూస్తారు, 28 అనో 29 అనో వస్తుంది. ఆ రీడింగ్, ఫ్యాట్ కలిపి ఒక సూత్రంతో లెక్కకడితే ఎస్‌ఎన్‌ఎఫ్ వస్తుంది. దానికి ఇంకో కన్‌స్ట్రక్టర్ కావాలి. లీటర్లు, ఫ్యాట్, లాక్టోమీటర్, ఇవీ మూడు డబుల్‌లే. కంపైలర్ ఒప్పుకోలేదు. మా అబ్బాయి లాక్టోమీటర్ రీడింగ్‌ని ఇంట్ చేశాడు. అది పూర్ణసంఖ్యే కదా అని నేనూ ఊ అన్నాను.

నమూనా(డబుల్ లీటర్లు, డబుల్ ఫ్యాట్, డబుల్ ఎస్‌ఎన్‌ఎఫ్)
నమూనా(డబుల్ లీటర్లు, డబుల్ ఫ్యాట్, ఇంట్ లాక్టోమీటర్)

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒక కేంద్రంలో రీడింగ్‌ని అరలతో సహా రాసుకునే అలవాటు ఉంది. వాళ్ళ కోసం స్క్రీన్‌లో 28.5 కొట్టే వీలు ఇచ్చాం, వేరియబుల్ డబుల్ అయింది. ఆ క్షణం నుంచి పిలుపు మొదటి కన్‌స్ట్రక్టర్‌కి వెళ్ళింది. ఎస్‌ఎన్‌ఎఫ్ 28.5 శాతం అని నమోదైంది. అలాంటి పాలు లోకంలో ఉండవు. ఇంకోచోట, పాత ఫైల్ చదివే కోడ్ ఎస్‌ఎన్‌ఎఫ్‌ని ఇంట్‌లో పెట్టుకునేది. 9 వస్తే అది రెండో కన్‌స్ట్రక్టర్‌కి వెళ్ళింది. 9ని లాక్టోమీటర్ రీడింగ్ అనుకుని లెక్కకట్టేసరికి ఎస్‌ఎన్‌ఎఫ్ నాలుగు దగ్గర తేలింది. కాస్త నీళ్ళు కలిపిన పాలకి కూడా అంత తక్కువ రాదు.

మొదటి తప్పు వల్ల డబ్బు ఎక్కువ వెళ్ళింది, అది మా లెక్కల్లో తొందరగానే దొరికింది. రెండోదాని వల్ల రైతులకి తక్కువ పడింది. ఒక పెద్దాయన చీటీ పట్టుకుని కేంద్రానికి వచ్చి, నా గేదె పాలని ఎప్పుడూ ఎవరూ ఇంత మాట అనలేదు అన్నాడట. ఆ చీటీ ఫొటో నా ఫోన్‌కి వచ్చింది. తేడా డబ్బు తర్వాతి చెల్లింపులో కలిపి ఇప్పించాం. కానీ ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తుంది.

తప్పు ఇంట్‌లోనో డబుల్‌లోనో లేదు. ఇది ఎస్‌ఎన్‌ఎఫ్, ఇది లాక్టోమీటర్ అనే తేడాని టైపు మీద మోపాం. టైపు ఆ బరువు మోయదు. ఆ తేడాని మోయగలిగేది పేరు, కన్‌స్ట్రక్టర్‌కేమో వేరే పేరు పెట్టుకునే వీల్లేదు. అందుకే కన్‌స్ట్రక్టర్‌ని ఒక్కటే ఉంచి ప్రైవేట్ చేశాం, బయటివాళ్ళు దాన్ని పిలవలేరు. బయటికి రెండు స్టాటిక్ మెథడ్లు (ఆబ్జెక్ట్ లేకుండానే క్లాస్ పేరుతో పిలిచేవి) ఇచ్చాం:

నమూనా.ఎస్‌ఎన్‌ఎఫ్‌తో(లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్)
నమూనా.లాక్టోమీటర్‌తో(లీటర్లు, ఫ్యాట్, రీడింగ్)

ఇప్పుడు రెండూ డబుల్‌లే తీసుకుంటాయి. ఏది పిలుస్తున్నామో చదివేవాడికి తెలుస్తుంది. లోపలి కన్‌స్ట్రక్టర్‌లో ఎస్‌ఎన్‌ఎఫ్ హద్దు దాటితే ఆపే తనిఖీ కూడా పెట్టాం. అన్ని దారులూ అక్కడికే వస్తాయి కాబట్టి తనిఖీ ఒక్కచోట రాస్తే చాలు.

మీ ఫోన్ నంబర్ దగ్గర జరిగింది కూడా ఇదే. అది కూడికలు, తీసివేతలు చేసే సంఖ్య కాదు. ముందు సున్నా ఉంటే లాంగ్‌లో పోతుంది, దేశం కోడ్ ముందుండే ప్లస్ గుర్తు నిలవదు. కోడ్‌లో పది అంకెల నంబర్ చివర 'ఎల్' పెట్టకపోతే కంపైలే కాదు, ఇంట్‌కి అంత పెద్ద సంఖ్య పట్టదు.

శ్రీను_సీప్లస్‌ప్లస్ | మంగళవారం ఉదయం 8:15

పాలకేంద్రం గారు రాసింది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. మా నాన్న కూడా కేంద్రంలో పాలు పోసేవారు.

సీప్లస్‌ప్లస్ వైపు నుంచి రెండు మాటలు. అన్ని దారులూ ఒకచోటికి రావాలంటే ఒక కన్‌స్ట్రక్టర్ ఇంకోదాన్ని పిలవగలగాలి. జావాలో దిస్ అని రాసి పిలుస్తారు. సీప్లస్‌ప్లస్‌లో ఇది 2011 ప్రమాణంతోనే వచ్చింది. అంతకుముందు కొందరు కన్‌స్ట్రక్టర్ లోపల క్లాస్ పేరు రాసి ఇంకో కన్‌స్ట్రక్టర్‌ని పిలిచాం అనుకునేవారు. నిజానికి అక్కడ పేరులేని కొత్త ఆబ్జెక్ట్ ఒకటి పుట్టి, ఆ లైన్ అయిపోగానే పోతుంది. అసలు ఆబ్జెక్ట్‌లో ఏ మార్పూ ఉండదు. పాత పద్ధతిలో నేర్చుకుంటున్నవాళ్ళు ఇప్పటికీ ఇందులో పడుతున్నారు.

రెండోది, వెక్టర్ (విలువల జాబితా). మామూలు బ్రాకెట్లలో 5, 2 ఇస్తే ఐదు రెండ్లు వస్తాయి. మీసాల బ్రాకెట్లలో అవే 5, 2 ఇస్తే రెండే అంశాలు, ఒక ఐదు, ఒక రెండు. బ్రాకెట్ మారితే కన్‌స్ట్రక్టర్ మారిపోతుంది. భాష ప్రమాణంలోని లైబ్రరీలోనే ఇలా ఉన్నప్పుడు మనం రాసే క్లాసుల్లో ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

లావణ్య_పైథాన్ | మంగళవారం ఉదయం 11:02

పైథాన్‌లో ఈ సమస్యే ఇంకో రూపంలో వస్తుంది. కన్‌స్ట్రక్టర్ పని చేసే ఇనిట్ అనే మెథడ్‌ని క్లాస్‌లో రెండుసార్లు రాస్తే ఎర్రర్ రాదు. రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. జావా నేర్చుకుని వచ్చిన మా స్టూడెంట్లు మూడు రాసి, చివరిది మాత్రమే పనిచేస్తోందని అడుగుతుంటారు.

ఇక్కడ పారామీటర్లకి ముందే విలువలు ఇస్తాం, లేదా క్లాస్‌మెథడ్‌తో పేరున్న దారులు ఇస్తాం. తేదీల లైబ్రరీలో ఫ్రమ్ టైమ్‌స్టాంప్ అనేది అలాంటిదే. ఒక్క హెచ్చరిక: ముందే ఇచ్చే విలువగా ఖాళీ లిస్ట్ పెట్టవద్దు. ఆ లిస్ట్ ఫంక్షన్ తయారైనప్పుడు ఒక్కసారే పుడుతుంది. తర్వాత పుట్టే ఆబ్జెక్ట్‌లన్నీ దాన్నే పంచుకుంటాయి.

కోట్లిన్_కిరణ్ | మంగళవారం మధ్యాహ్నం 1:30

అందరూ ఇంత రాస్తున్నారు గానీ, నా అభిప్రాయంలో ఓవర్‌లోడింగే అనవసరం. కోట్లిన్‌లో ఒకే కన్‌స్ట్రక్టర్, పారామీటర్లకి డిఫాల్ట్ విలువలు, పిలిచేటప్పుడు పేర్లు. ఎస్‌ఎన్‌ఎఫ్ ఈక్వల్స్ 9 అని రాస్తాం, ఇక గందరగోళం ఎక్కడ? జావాలో డిఫాల్ట్ విలువలు లేవు కాబట్టి ఈ తిప్పలు.

పాత_జావా | మంగళవారం మధ్యాహ్నం 2:10

కిరణ్, సగం ఒప్పుకుంటాను. చివరి రెండు విలువలు ఐచ్ఛికం అనే సందర్భాలకి డిఫాల్ట్ విలువలే శుభ్రం. నేను జావాలో రాసే ఓవర్‌లోడ్‌లలో చాలా భాగం అందుకోసమే.

కానీ పాలకేంద్రం గారి సమస్య అది కాదు. ఎస్‌ఎన్‌ఎఫ్ లేదా లాక్టోమీటర్, ఏదో ఒకటే రావాలి, రెండూ రాకూడదు. ఒకే కన్‌స్ట్రక్టర్‌లో రెండింటినీ ఐచ్ఛికం చేస్తే, రెండూ ఇచ్చినవాడినీ ఏదీ ఇవ్వనివాడినీ ఎవరు ఆపాలి? లోపల మళ్ళీ ఇఫ్‌లు రాసుకోవాలి. ఇవి ఒకే ఆబ్జెక్ట్‌ని పుట్టించే రెండు వేర్వేరు దారులు, రెండుగానే కనిపించాలి. పైగా మీ కోట్లిన్ క్లాస్‌ని జావా కోడ్ పిలవాలంటే ఆ డిఫాల్ట్‌లు కనిపించవు. జేవీఎం ఓవర్‌లోడ్స్ అనే గుర్తు తగిలించాలి. అప్పుడు కంపైలర్ తయారుచేసేది ఓవర్‌లోడ్ కన్‌స్ట్రక్టర్లనే కదా.

కోట్లిన్_కిరణ్ | మంగళవారం మధ్యాహ్నం 2:26

రెండూ రావడం, ఏదీ రాకపోవడం నేను ఆలోచించలేదు. ఆ సందర్భానికి పేరున్న దారులే సరి. మిగతాచోట్ల నా మాట నాదే.

లెక్కల_మాధవి | మంగళవారం రాత్రి 8:50

డబ్బు లెక్కలు రాసేవాళ్ళ కోసం ఒకటి చెప్పి తీరాలి. జావాలో దశాంశాలని కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ క్లాస్‌కి స్ట్రింగ్ తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఉంది, డబుల్ తీసుకునేదీ ఉంది. స్ట్రింగ్‌గా 0.1 ఇస్తే సరిగ్గా 0.1 వస్తుంది. డబుల్‌గా ఇస్తే 0.1000000000000000055 అని మొదలై ఇంకా చాలా అంకెలు వస్తాయి. ఎందుకంటే ద్వైదీ పద్ధతిలో 0.1ని కచ్చితంగా రాయలేం, డబుల్‌లో అప్పటికే ఉన్న విలువని ఆ కన్‌స్ట్రక్టర్ ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. చూడటానికి తేడా రెండు కోట్ గుర్తులే. ఒక్కో ఎంట్రీని రౌండ్ చేసి వేల ఎంట్రీలు కూడితే చివర పైసల్లో తేలుతుంది, ఆ పైసల కోసం రాత్రులు కూర్చున్నాను. చేతిలో ఉన్నది డబులే అయితే వ్యాల్యూ ఆఫ్ అనే స్టాటిక్ మెథడ్ వాడండి, అది 0.1నే ఇస్తుంది.

పాత డేట్ క్లాస్ కూడా ఇలాంటిదే. మూడు ఇంట్‌లు తీసుకునే కన్‌స్ట్రక్టర్‌కి 2024, 1, 15 ఇస్తే 3924 ఫిబ్రవరి 15 వస్తుంది. ఏడాదిని 1900 నుంచి, నెలని సున్నా నుంచి లెక్కపెడుతుంది. జావా 1.1 నాటికే దాన్ని వాడొద్దన్నారు. 2014లో జావా 8తో వచ్చిన లోకల్‌డేట్‌కి పబ్లిక్ కన్‌స్ట్రక్టరే పెట్టలేదు, ఆఫ్ అనే స్టాటిక్ మెథడ్‌తోనే తయారుచేసుకోవాలి. భాష తయారుచేసినవాళ్ళే ఆ దారికి వచ్చారు.

భవ్య_రెండో_ఏడాది | బుధవారం రాత్రి 9:35

కాలేజీ నుంచి రాగానే కూర్చుని మళ్ళీ రాశాను. మధ్యలో ఒక ఎర్రర్ కూడా వచ్చింది. పేరు తీసుకునే కన్‌స్ట్రక్టర్‌లో దిస్‌తో పేరు, ఈమెయిల్, ఫోన్ అనే మూడు విలువలు తీసుకునేదాన్ని పిలిచి, దానిలోంచి మళ్ళీ పేరుదాన్ని పిలిచాను. రికర్సివ్ అని కంపైలర్ ఆపింది. మూడు విలువలదే అసలుది, అది ఎవరినీ పిలవకూడదని అర్థమైంది.

ఒక సందేహం మిగిలింది. దిస్‌కి ముందు పేరులో ఖాళీలు తీసేసే ఒక లైన్ రాస్తే ఎర్రర్ ఇచ్చింది. మొదటి లైన్‌లోనే ఉండాలంది. ఎందుకు?

పాత_జావా | బుధవారం రాత్రి 10:00

మీ ల్యాబ్‌లోది పాత వెర్షన్ అయి ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25 నుంచి దిస్‌కి, పై క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ని పిలిచే సూపర్‌కి ముందు లైన్లు రాసుకోవచ్చు. కానీ అక్కడ ఇంకా పూర్తిగా పుట్టని ఆబ్జెక్ట్‌ని వాడుకోకూడదు. అంతకుముందున్న వెర్షన్లలో ఆ భయం వల్లే మొత్తంగా ఆపేశారు. మీకు ఇప్పటికి సులువు దారి: దిస్ బ్రాకెట్ల లోపలే ట్రిమ్ పిలవండి, లేదా ఆ పనిని మూడు విలువల కన్‌స్ట్రక్టర్‌లోకి మార్చేయండి. రెండోదే మేలు, అన్ని దారులకీ వర్తిస్తుంది.

భవ్య_రెండో_ఏడాది | బుధవారం రాత్రి 10:48

రెండోదే చేశాను సార్. ఇప్పుడు ఇలా ఉంది:

ప్రైవేట్ విద్యార్థి(స్ట్రింగ్ పేరు, స్ట్రింగ్ ఈమెయిల్, స్ట్రింగ్ ఫోన్)
పబ్లిక్ విద్యార్థి(స్ట్రింగ్ పేరు)
విద్యార్థి.ఈమెయిల్‌తో(పేరు, ఈమెయిల్)
విద్యార్థి.ఫోన్‌తో(పేరు, ఫోన్)

ఫోన్ మళ్ళీ స్ట్రింగ్ అయింది. ఓవర్‌లోడింగ్ ఇంకా ఉంది, కానీ విలువల సంఖ్య నిజంగా వేరైనచోటే. ముందు సున్నా ఉన్న నంబర్ ఇచ్చి ప్రింట్ చేశాను, సున్నా అలాగే ఉంది. రేపు మేడమ్ దగ్గరికి వెళ్ళి ఇది చూపిస్తాను. మార్కుల కోసం కాదు, అవి వేసేశారు.

పాలకేంద్రం_కోడ్ | గురువారం ఉదయం 6:10

తప్పకుండా చూపించమ్మా. ఒక్క చిన్న మార్పు. ఫోన్‌తో అనే మెథడ్‌కి పొరపాటున ఈమెయిల్ ఇచ్చి చూడు, ఇప్పటికి తీసేసుకుంటుంది. ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్‌లో ఫోన్ ఖాళీగా లేనప్పుడు అందులో అంకెలు, ముందు ప్లస్ తప్ప వేరేవి ఉంటే ఆపే తనిఖీ పెట్టు. మేము దాన్ని ఆలస్యంగా పెట్టాం.